చివరి గదికి చేరని చలి

ఎవరి పొయ్యి వాళ్ళు ముట్టించుకోకుండా, ఊరంతటికీ ఒకే చోట నీళ్ళు కాచి, నేల కింద గొట్టాల్లో ఇంటింటికీ వేడి పంపే పట్టణాలు చలిదేశాల్లో ఉన్నాయని నేను చెబితే మా వీధిలో నవ్వుతారు. ఒకే చోట నీళ్ళు చల్లార్చి వీధి మొత్తాన్నీ చల్లబరిచే పట్టణాలూ ఉన్నాయంటే, "మిమ్మల్ని ఆ సినిమాహాలు ఇంకా వదల్లేదండీ" అంటారు. నేను బెజవాడలో ఒక సినిమాహాల్లో ఏసీ ప్లాంటు నడిపి రిటైరైనవాణ్ణి. చదువు ఎనిమిదో తరగతితో సరి. మిగతాదంతా ప్లాంటు గదిలో కూర్చుని, పాత పుస్తకాల కొట్లలో కొన్న ఇంగ్లీషు పుస్తకాలకి డిక్షనరీ తోడు పెట్టుకుని చదువుకున్నదే.

ఆ రోజుల్లో ఆటకీ ఆటకీ మధ్య ఆ యంత్రం ఊరికే నిలబడి ఉండేది. గోడ అవతల నర్సింగుహోములో బాలింతలు మేనెలలో విసనకర్రలతో విసురుకునేవాళ్ళు. గోడకి కన్నం పెట్టి ఒక పైపు వేద్దామని ఓనరుగారిని అడిగాను. "వాళ్ళు టిక్కెట్టు కొంటారా?" అన్నారాయన. ఆ మాట నాకు నిన్న విన్నట్టే ఉంది.

ఇప్పుడు మా వీధి చూడండి. ఇంటికొక ఏసీ పెట్టె. ఎవరి గది చల్లబరుచుకోవడానికి వాళ్ళు ఎదుటివాడి కిటికీలోకి వేడిగాలి ఊదుతారు. ఆ ఎదుటివాడు ఉక్కపోస్తోందని తనూ ఒకటి కొంటాడు. ఇన్ని పెట్టెలకీ కరెంటు కావాలి, కరెంటుకి బొగ్గు కావాలి. భూమి వేడెక్కిపోతోందని పొద్దున్న పేపర్లో చదివి, అయ్యయ్యో అనుకుని, పేపరు మడిచి, పెట్టె ఇంకాస్త పెంచుతారు. చదువుకున్నవాళ్ళే.

అలాంటి నాకు ఈ ఎండాకాలం నాగాయలంక నుంచి ఫోనొచ్చింది. చేసింది రాజ్యం. పోయిన నా స్నేహితుడి కూతురు, నన్ను బాబాయ్ అంటుంది. పడవల మీద వచ్చే చేపలూ పీతలూ కొని, లారీకెత్తి గుడివాడ పంపే వ్యాపారం ఆమెది. ఇదివరకు బందరు ఐసు మీద బతికిన తొమ్మిదిమంది వ్యాపారులు అక్కడ కలిసి, ఒకే యంత్రం పెట్టుకుని, దాని చలిని గొట్టంలో తొమ్మిది గదులకి పంపుకుంటున్నారు. ఆ సంగతి విన్నప్పుడు నేను వీధంతా తిరిగి చెప్పాను.

"నాది చివరి గది బాబాయ్. సాయంత్రమయ్యేసరికి చల్లదనం రావట్లేదు. సరుకు మెత్తబడిపోతోంది. పైపు పొడుగెక్కువైంది, నీ గదికి గొట్టం కోసేస్తాం అంటున్నారు. ఆదివారం కూర్చుంటారంట. ఒక్కసారి వచ్చి చూడు."

మర్నాడే బయల్దేరాను. నా పాత థర్మామీటరూ, రెండు రెంచీలూ, మార్చుకోవడానికి రెండు పంచెలూ. ఆదివారానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, దారిలో చూడాలనుకున్నవి చూసుకుంటూ వెళ్ళాను.

గుడివాడ: మిల్లు నడిస్తేనే ఇడ్లీ

గుడివాడలో దిగగానే ఊక కాలిన వాసన. ఉప్పుడు బియ్యం మిల్లొకటి ఉందనీ, దాని ఆవిరితో పక్క హోటల్లో ఇడ్లీ వండుతారనీ ఎవరో చెబితే నమ్మలేదు. వెళ్ళి చూశాను. నిజమే. వడ్లు ఉడికించడానికి మిల్లువాళ్ళు ఊకతో బాయిలరు కాలుస్తారు. ఆ బాయిలరు నుంచి బొటనవేలంత గొట్టం ఒకటి గోడ దాటి హోటలు వంటింట్లోకి వచ్చింది. దానికి గోనెపట్టా చుట్టి, పైన పేడమట్టి మెత్తారు. గల్లాపెట్టె వెనక గోడ మీద సుద్దతో రాసి ఉంది: మిల్లు నడిచిన రోజే ఇడ్లీ.

"గ్యాసు లేదాండీ?" అని హోటలాయన్ని అడిగాను.

"గ్యాసెందుకండీ, పక్కన అంత ఆవిరి గాల్లో కలిసిపోతుంటే! మిల్లుగారికి రోజూ రెండు ప్లేట్లు పంపిస్తాను. అదే బిల్లు."

"మరి మిల్లు ఆగితే?"

"ఆగితే ఉప్మా."

పుస్తకాల్లో పేజీలకి పేజీలు రాసిన సంగతి ఈయన ఒక్క ముక్కలో చెప్పాడు. ప్లేటు నాలుగు రూపాయలు. మా బెజవాడలో ఆరు. చట్నీలో మాత్రం నీళ్ళు ఎక్కువ, కారం తక్కువ. ఆ మాట అంటే, "డెల్టా మనుషులమండీ, మీ అంత కోపం ఉండదు మాకు" అన్నాడు. నేను వచ్చి పావుగంట కాలేదు, అప్పుడే నా సంగతి కనిపెట్టేశాడు.

అక్కణ్ణించి చేపల మార్కెట్టుకి వెళ్ళి, రాజ్యం సరుకు కొనే పెంటయ్యని కలిశాను. లావుపాటి మనిషి, మెడలో తడి తువ్వాలు. రాజ్యం పేరు చెప్పగానే పెట్టెలోంచి ఒక పండుగప్ప చేపని తీసి నా ముందు పెట్టాడు.

"బొటనవేలితో నొక్కండి."

నొక్కాను. గుంట పడింది, పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడిది నొక్కండి. అదే లారీలో, అదే వరసలో ఇంకో గది వాళ్ళది." దాని ఒళ్ళు గట్టిగా ఉంది. నొక్కినచోటు వెంటనే పైకి లేచింది. "ఆ అమ్మాయి మనిషి మంచిదండీ. తూకంలో ఒక్క మాట రాదు. కానీ మెత్తటి చేప నా చేతిలో పెడితే నేనెవరి చేతిలో పెట్టేది? ఇంకో వారం చూస్తాను. ఆ తరవాత ఆమె దారి ఆమెది."

అంటే రాజ్యానికి రెండు వైపులా కత్తే. అక్కడ గది కోస్తారు, ఇక్కడ సరుకు ఆపేస్తారు.

బందరు: ఐసు ఫ్యాక్టరీ జోస్యం

బందర్లో ఊళ్ళోకి వెళ్ళకుండా నేరుగా రేవు వైపు వెళ్ళాను. ఉక్క ఎలా ఉందంటే, తుడుచుకున్న మొహం తువ్వాలు దించేలోపే మళ్ళీ తడుస్తోంది. మా బెజవాడ ఎండ కొట్టినట్టు ఉంటుంది. బందరు ఎండ తడిగుడ్డ కప్పినట్టు ఉంటుంది. ఏది మేలని అడిగితే, రెండూ అనుభవించినవాణ్ణి, చెప్పలేను.

ఐసు ఫ్యాక్టరీ మేనేజరు లోపలికి రానిచ్చి కుర్చీ కూడా వేయించాడు. పెద్ద పెద్ద ఐసు దిమ్మల్ని కొక్కేలతో లాగి, సిమెంటు జారుడు మీద వదిలితే, అవి సరాసరి లారీలోకి జారిపోతున్నాయి. దివిసీమ వెళ్ళే దిమ్మలకి ఊక కప్పుతారు. అయినా సగానికి సగం దారిలోనే నీరైపోయి రోడ్డు పాలు. "అంత ఐసు కరిగించుకుంటూ అంత దూరం మోయడం దేనికండీ? చలి ఎక్కడ కావాలో అక్కడే తయారుచేసుకుంటే పోలేదా?" అన్నాను.

మేనేజరు నవ్వాడు. "నాగాయలంక వాళ్ళ సంగతేనా? నాకు తెలుసులెండి. ఉమ్మడి కాపరాలే నిలవట్లేదు. ఉమ్మడి చలి నిలుస్తుందా? ఈ ఏడాది తిరక్కుండా మళ్ళీ నా గుమ్మంలోనే ఉంటారు. రాసి పెట్టుకోండి."

"యంత్రంలో లోపం ఉందంటారా?"

"యంత్రానికేం, బ్రహ్మాండం. మనుషుల్లో ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. మండితే నేను తిండి మీద తీర్చుకుంటాను. బజారుకొచ్చి పావుకిలో హల్వా కొని, అరుగు మీదే సగం తిన్నాను. హల్వా కొట్టువాడు ఆకుమీద పెట్టి చేతికిస్తాడు, స్పూను అడిగితే వింతగా చూస్తాడు. మిగతా సగం రాజ్యానికని కట్టించి సంచిలో పెట్టుకున్నాను. తరవాత చూస్తే నెయ్యంతా కరిగి పంచెలకీ రెంచీలకీ పట్టింది. రెంచీలకి మంచిదే.

మోపిదేవి: ఇంకొకళ్ళ చెప్పులు

చల్లపల్లి దాటాక దారికి అటూ ఇటూ పచ్చదనం లేదు. రెండో పంట దాళ్వా కోతలు కూడా అయిపోయి పొలాలన్నీ మోళ్ళు. మోపిదేవిలో దిగాను. భక్తి కొద్దీ కాదు. గుళ్ళో చల్లగా ఉంటుందని. పాలు పట్టుకున్న దంపతులు, గుండు కొట్టించుకున్న పిల్లలు, చెవులు కుట్టించుకుంటున్న ఏడుపులు. జనం మధ్య నేను ఒక స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. రాయి చల్లగా తగిలింది.

బయటికి వస్తే నా చెప్పులు లేవు. అదే చోట, అచ్చం నా చెప్పుల్లాంటివే, కాకపోతే ఒక సైజు చిన్నవి ఉన్నాయి. పూలమ్మే ఆవిడ, "ఏసుకెళ్ళండి బాబూ, ఆయన మీవి ఏసుకెళ్ళాడుగా" అంది. నేను వద్దన్నాను. మాట మీద నిలబడి పది అడుగులు తారు మీద వేసి, వెనక్కొచ్చి వేసుకున్నాను. మడమలు బయటికి వేలాడుతూ మిగతా యాత్ర అంతా అలాగే చేశాను.

అవనిగడ్డలో నిమ్మసోడా తాగి, బస్సు మారాను.

నాగాయలంక: తొమ్మిది గదులు

డెబ్బై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు మా సినిమాహాలు తరఫున బియ్యం లారీతో ఇక్కడికి వచ్చాను. అప్పుడు ఈ దారిలో నిలబడ్డ గోడ ఒక్కటి కనపడలేదు. ఇప్పుడు అదే నీళ్ళ ఒడ్డున తొమ్మిది గదులు వరసగా తెల్లగా సున్నం కొట్టి ఉన్నాయి. ప్రతి గదికీ ముందు రేకుల వరండా, అందులో కాటా. వరస ఈ చివర యంత్రం షెడ్డు. ఆ చివర రాజ్యం గది.

రాజ్యం ఎదురొచ్చి సంచి అందుకుంది. "ఇదేంటి బాబాయ్, ఈ జిడ్డు?"

"నీకు తెచ్చిన హల్వా."

"రెంచీలకి పెట్టావా?"

"నవ్వుతావేం, ముందు గది చూపించు."

యంత్రం చూసే యేసుబాబు నన్ను వెంట తిప్పి చూపించాడు. ఇతని ఏర్పాటు నాకు నచ్చింది. షెడ్డులో ఉప్పునీళ్ళని బాగా చల్లబరుస్తారు. ఉప్పు కలిసిన నీళ్ళు గడ్డకట్టవు కాబట్టి వాటిని పంపుతో గొట్టంలోకి తోస్తారు. ఆ గొట్టం మొదటి గదిలో చుట్లు తిరిగి, రెండో గదిలోకి వెళ్ళి, అలా తొమ్మిది పూసల్లోంచి ఒకే దారం వెళ్ళినట్టు వెళ్ళి, చివర రాజ్యం గదిలో తిరిగి, మళ్ళీ షెడ్డుకి వచ్చేస్తుంది. బయట గొట్టం పొడుగునా చెక్క డొప్ప కట్టి, నిండా ఊక కూరారు. పుస్తకాల్లో దీనికి ఖరీదైన దూదులు చెబుతారు. ఊక ఏం తక్కువ తినలేదు.

మధ్యాహ్నం మూడింటికి రాజ్యం గదిలో నా థర్మామీటరు పెట్టాను. మొదటి గదికీ దానికీ ఒక్క డిగ్రీ తేడా.

"పైపు పొడుగు కాదమ్మా. నీ గది బ్రహ్మాండంగా ఉంది."

"ఇప్పుడుంటుంది బాబాయ్. సందెవేళ చూడు."

యేసుబాబు తల గోక్కున్నాడు. "ఏడింటికి లారీ వస్తుందండి. ఆరు నించి ఈ అమ్మగారి గదిలో వేడెక్కిపోద్ది. పంపు మార్చాం. గ్యాసు నింపాం. గొట్టంలో గాలి తీశాం. ఏం చేసినా అంతే."

నాకు ఉత్సాహం వచ్చింది. యంత్రం ఒక వేళకే మొండికేస్తోందంటే, ఆ వేళకి ఎవరో ఏదో చేస్తున్నారన్నమాట. వరండాలో కుర్చీ వేసుకుని కాపు కాశాను.

దీపాల వేళ

పొద్దు వాలింది. మొదటి గది వ్యాపారి కోటేశ్వరరావుగారు వచ్చారు. అందరూ ఆయన్ని ప్రెసిడెంటుగారు అంటారు. తెల్లచొక్కా, చేతికి రాగి కడియం. ఆయన వరండాలో నీళ్ళు చల్లించి, జేబులోంచి అగ్గిపెట్టె తీసి దీపం వెలిగించి, గది తలుపుని బార్లా తెరిచి, ఆ గుమ్మంలో దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నారు. తెరిచిన తలుపు తెరిచినట్టే ఉంచి, కుర్చీలో కూర్చుని వక్కపొడి వేసుకున్నారు. రెండో గది తలుపు తెరుచుకుంది. మూడోది. ఊళ్ళో ఇళ్ళల్లో తెరిచినట్టే, వరసగా తొమ్మిది తలుపులూ తెరుచుకున్నాయి. తొమ్మిది గుమ్మాల్లోంచీ తెల్లటి పొగమంచు నేల మీదకి దొర్లుకుంటూ వరండాల్లోకి, అక్కణ్ణించి రోడ్డు మీదకి వచ్చేసింది. కుక్కలు వచ్చి అందులో హాయిగా పడుకున్నాయి.

నేను కుర్చీలోంచి లేచి అరిచాను. "తలుపులు మూయండి! మూయండయ్యా తలుపులు!"

ప్రెసిడెంటుగారు వక్కపొడి నమలడం ఆపారు.

"సందెవేళ లక్ష్మి వచ్చే తలుపు మూయమంటున్నారా?"

"ఆవిడ వస్తుందో రాదో గాని, చలి పోతోందండీ!"

"పెద్దాయనా, ఆ మాట మీ బెజవాడలో అనుకోండి. ఇక్కడ దీపాలేళ తలుపేసిన కొట్టు ఒకటుంటే చూపించండి."

అన్నీ చూసి చివరికి రాజ్యం వైపు తిరిగాను. ఆమె గది తలుపూ బార్లా తెరిచే ఉంది! గుమ్మంలో దీపం. ముందు ముగ్గు కూడా.

"నువ్వు కూడానా! నీ చేపలు పోతున్నాయని ఏడుస్తూ నువ్వు కూడానా?"

"అందరూ తీసి నేనొక్కదాన్నే వేసుకుంటే ఏమనుకుంటారు బాబాయ్? పీడ పట్టిన గది అనరూ? అయినా చేపలు మెత్తబడితే రేపు మళ్ళీ కొనుక్కుంటా. లక్ష్మిని పొమ్మన్నాక దేంతో కొనను?"

థర్మామీటరు పట్టుకుని గది గదికీ తిరిగాను. దీపాలు కొండెక్కేదాకా తలుపులు తెరిచే ఉన్నాయి. సముద్రపుగాలిలో తడి ఉంటుంది. ఆ తడంతా లోపలికి దూరి గొట్టాల మీద మంచై పేరుకుంది. తలుపులు వేశాక ఉప్పునీళ్ళు ముందు ప్రెసిడెంటుగారి గదిని చల్లబరిచాయి. అక్కడ కాస్త వేడెక్కి రెండో గదికి వెళ్ళాయి. అలా గది గదికీ వేడి మూటగట్టుకుంటూ రాజ్యం గదికి చేరేసరికి వాటిలో చలి ఏమీ మిగల్లేదు. ఎనిమిది గదులూ తేరుకున్నాక గాని ఆమెకి చలి రాదు. ఆ లోపలే లారీ వచ్చేస్తోంది.

అంటే తొమ్మిది గుమ్మాల్లోకీ లక్ష్మి వస్తోంది. ఖర్చు మాత్రం చివరి గుమ్మం భరిస్తోంది.

ఆదివారం కూటం

పొద్దున్నే ప్రెసిడెంటుగారి వరండాలో తొమ్మిదిమందీ కూర్చున్నారు. అందరికీ టీ. నాకూ ఇచ్చారు, మర్యాదకి లోటు లేదు. ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకుని, "పైపు పొడుగు వల్ల యంత్రం మీద బరువు పడుతోంది. చివరి గది తీసేస్తే మిగతా ఎనిమిదీ సుఖంగా ఉంటాయి. రాజ్యమ్మ వాటా సొమ్ము ఆమెకి ఇచ్చేద్దాం. ఆమె మీద మనకేం కోపం లేదు" అన్నారు.

రాజ్యం పమిట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. సొమ్ము తీసుకుని ఆమె ఏం చేస్తుంది? ఒక్కత్తే యంత్రం పెట్టే తాహతు లేదు. మళ్ళీ బందరు ఐసుకి వెళితే, గట్టి చేప పంపే ఎనిమిదిమంది పక్కన మెత్తటి చేపతో నిలబడాలి.

నేను లేచి, నిన్న చూసిందంతా చెప్పాను. తడి, మంచు, తలుపులు, అన్నీ. ఒక్కళ్ళూ ఒప్పుకోలేదు.

"రోజంతా యాభైసార్లు తీస్తాం తలుపు. అప్పుడు పోని చలి, దీపం పెడితే పోతుందా?" అన్నాడొకడు.

"ఒకసారికి ఒక తలుపు తీసి వేస్తారు. ఇది తొమ్మిదీ ఒకేసారి తీసి, తీసినవి తీసినట్టే వదిలెయ్యడం."

"దీపం ఆరిపోకుండా తలుపు వెయ్యకూడదండీ."

"దీపంలో నూనె తగ్గించండి మరి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అందరూ ఒక్కసారి లేచారు. "నూనె తగ్గించమంటాడేంటి ఈయన!" "మన ఇళ్ళ మీదకి శని తెచ్చాడు." ప్రెసిడెంటుగారు చెయ్యెత్తి అందర్నీ కూర్చోబెట్టి, నా వైపు చూసి చిన్నగా నవ్వారు. "పెద్దాయనా, మీకు యంత్రం తెలుసు, కాదన్ను. మా సంప్రదాయం మీకు తెలీదు. పైపు పొడుగైంది. అంతే."

అప్పుడు నాకు తట్టింది.

"సరే, పైపు పొడుగే అనుకుందాం. మీ మాటే నిజమైతే గదిని ఎప్పుడైనా కొయ్యొచ్చు. ఒక్కరోజు ఆగండి. ఈ పూట పంపు దగ్గర రెండు గొట్టాలూ అటుదిటూ ఇటుదటూ మార్చి బిగిస్తాను. నీళ్ళు ముందు రాజ్యం గదికి వెళ్ళి, అక్కణ్ణించి వరసగా ఇటొస్తాయి. గొట్టం అదే, పొడుగూ అదే. మీరు తలుపులు మామూలుగా తెరుచుకోండి, దీపం నిండా నూనె పోసుకోండి. నేను నోరు మెదిపితే అడగండి."

"దానివల్ల ఏమవుతుంది?" అన్నారు ప్రెసిడెంటుగారు అనుమానంగా.

"ఏమీ కాదు. పైపు పొడుగైతే రేపూ ఆ గదే వేడెక్కుతుంది."

"సరే, ఒక్కరోజే" అన్నారాయన. ఆయన గది ఇప్పుడు చివరిదవుతుందన్న సంగతి ఆ వరండాలో నేను కాక ఇద్దరికే తట్టింది. ఒకడు యేసుబాబు. వాడు టీ గ్లాసులోకి దగ్గుకున్నాడు. రెండోది రాజ్యం. కొంగు చుట్టుకోవడం ఆపేసింది.

గొట్టం తిప్పాక

మధ్యాహ్నానికి పని అయింది. రెండు బిగింపులు విప్పి, రెండు బిగించాం. అంతే. జారిన ఉప్పునీళ్ళు నా మడమల మీద పడి, చిన్న చెప్పులు కొరికిన చోట భగ్గుమన్నాయి.

సాయంత్రం తొమ్మిది తలుపులూ తెరుచుకున్నాయి. పొగమంచు దొర్లింది. కుక్కలు వచ్చాయి. నేను నోరు కట్టేసుకుని కూర్చున్నాను. నా జీవితంలో అంత కష్టమైన గంట లేదు.

ఏడింటికి లారీ వచ్చింది. రాజ్యం తన పెట్టె తెరిచి, ఒక పండుగప్పని బొటనవేలితో నొక్కింది. చెయ్యి తీసేసరికి గుంట లేదు. ఇంకోటి నొక్కింది. ఇంకోటి. తరవాత పెట్టెలు లారీకెత్తించింది.

ఆ చివర ప్రెసిడెంటుగారు కూడా నొక్కుతున్నారు. నొక్కి, చూసి, పెట్టె అడుగునున్నది లాగి నొక్కారు.

"యేసుబాబూ! ఏం చేశారురా గొట్టానికి?"

"చెప్పే చేశామండి, పొద్దున్న అందరి ముందూ."

ప్రెసిడెంటుగారు నా దగ్గరికి వచ్చారు. "మళ్ళీ ఎప్పట్లాగ తిప్పెయ్యండి. ఇప్పుడే."

నేను జవాబు చెప్పబోయేలోపే రాజ్యం అంది. "పైపు పొడుగండీ ప్రెసిడెంటుగారూ. చివరి గది తీసేద్దామన్నారుగా పొద్దున్న. తీసేద్దామా?"

మొదట నవ్వింది లారీ డ్రైవరు. తరవాత మూడో గదాయన. తరవాత ఎవరూ ఆగలేదు. ప్రెసిడెంటుగారు మాత్రం నవ్వలేదు. తన వరండాలోకి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, సరుకెత్తడానికి తెరిచిన తలుపు వైపు చూశారు. తరవాత లేచి, కాలితో గుమ్మం కింద తడిమారు.

"ఇక్కడ గడపేదిరా?"

"గడపెందుకు ఉంటుందండీ, చలిగదికి? రబ్బరు బద్దీ ఉంది" అన్నాడు యేసుబాబు.

"గడప లేదు. పసుపు లేదు. దీన్ని గుమ్మమని ఎవడన్నాడు?" ఆయన గొంతు పెరిగింది. "ఇది గుమ్మం కాదు. పెట్టెకి మూత లాంటిది. లక్ష్మి గడపలోకి వస్తుందిగాని పెట్టె మూతలోకి వస్తుందా? మనకి గుమ్మమంటే వరండా ముందున్నది. అక్కడ కట్టాలి గడప. ఇన్నాళ్ళూ ఎవరికీ తెలీకపోవడమేంటి?"

పొద్దున్న నా మీదకి లేచినవాళ్ళంతా, అవునవును అన్నారు. ఒకాయన వాళ్ళ నాయనమ్మ కూడా అదే చెప్పేదన్నాడు. పొద్దున్న ఆ నాయనమ్మ ఎక్కడికి వెళ్ళిందో నేనడగలేదు. ఒక్కరోజు తన చేప మెత్తబడేసరికి ఈ మనిషికి శాస్త్రం తెలిసిపోయింది. నెలల తరబడి ఒక ఆడమనిషి చేప మెత్తబడితే తెలియలేదు. అరవబోయాను. రాజ్యం కళ్ళతోనే వద్దంది.

మర్నాడు వడ్రంగి వచ్చి తొమ్మిది వరండాలకీ చెక్క గడపలు వేశాడు. మంచి టేకు ఒక్క ప్రెసిడెంటుగారిదే. మిగతావి పాత దుంగలు. అన్నిటికీ పసుపు రాశారు, బొట్లు పెట్టారు. రాజ్యం ముగ్గుని కూడా అక్కడికి జరిపింది. మధ్యాహ్నం పెంటయ్య గుడివాడ నుంచి ఎస్టీడీ బూతుకి ఫోన్ చేశాడు. నిన్నటి పెట్టెలు రాయిలా ఉన్నాయట. వారం గడువు మాట మళ్ళీ ఎత్తలేదు, రేపు ఎన్ని పంపుతావని అడిగాడట.

ఆ సాయంత్రం దీపాలు వరండా గడపల్లో వెలిగాయి. వెనక తొమ్మిది తెల్ల తలుపులూ మూసే ఉన్నాయి. కుక్కలు వచ్చి, కాసేపు చూసి, వెళ్ళిపోయాయి. మర్నాడు నేను బస్సెక్కుతానని తెలిసి ప్రెసిడెంటుగారు వచ్చి, ఈసారి చాలా మర్యాదగా, "అన్నీ సర్దుకున్నాయి కదండీ. వెళ్ళేముందు ఆ గొట్టం మళ్ళీ మొదటిలాగ తిప్పేసి వెళ్ళండి" అన్నారు.

న్యాయంగా చూస్తే తలుపులు మూసుంటే నీళ్ళు ఎటు తిరిగినా ఒకటే. నేను రెంచీ తీశాను.

రాజ్యం నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఉండనీ బాబాయ్. ఆయన గది చివర్న ఉంటేనే అందరి తలుపులూ మూసుంటాయి."

రెంచీ సంచిలో పెట్టేశాను. "బిగింపు పట్టేసిందండీ, తిరగట్లేదు" అన్నాను ఆయనతో. యేసుబాబు మళ్ళీ దగ్గుకున్నాడు.

ప్రెసిడెంటుగారు నిట్టూర్చి వెళ్ళారు. తన గడపలో దీపానికి దణ్ణం పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, వరస పొడుగునా నడవడం మొదలుపెట్టారు. ప్రతి గది దగ్గరా ఆగి, చలితలుపు పిడి పట్టుకుని ఒకసారి గట్టిగా లాగి, పడిందో లేదో చూసుకుని, మరో గదికి వెళ్తున్నారు. రాజ్యం గది దగ్గర రెండుసార్లు లాగారు.